విత్తనాలు కుట్టిన అంగీ

పాత బట్టల్ని కాపాడే పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది రసాయనాల గురించి. ఏ మరకకు ఏది వాడాలి, ఎన్ని నీళ్ళలో ఎంత కలపాలి, ఎంతసేపు నానబెట్టాలి. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాల్లో లేనిది భయం. ఒక మ్యూజియం వస్త్ర విభాగంలో ఉద్యోగమంతా గడిపి, రిటైరై, నంద్యాల సంజీవనగర్‌లో స్థిరపడ్డాక కూడా నన్ను వదలనిది అదొక్కటే. ఎవరైనా పాత చీర మడత విప్పుతుంటే నా చేతులు వాటంతటవే కిందికి వెళ్ళి పట్టుకుంటాయి. పెళ్ళిళ్ళలో నేను పెళ్ళికూతురిని సరిగా చూడను. ముందు వరసలో కూర్చున్న అవ్వల పట్టుచీరలు మడతల దగ్గర ఎక్కడ చిరుగుతున్నాయో చూస్తూ కూర్చుంటాను.

నేను పుట్టింది ఆళ్లగడ్డలో. మా వీధి చివర శిల్పులు రాయి చెక్కే షెడ్లు ఉండేవి. పగలంతా ఉలి చప్పుడు. రాయి పగిలితే పగిలిందని అందరికీ తెలుస్తుంది. బట్ట అలా కాదు. చూడటానికి నిక్షేపంలా ఉంటుంది, ఎత్తితే చేతిలో పొడి అవుతుంది. నేను కెమిస్ట్రీ చదివి ఈ పనిలో చేరానంటే సేద్యం చేసుకునే మా నాయనకు చివరిదాకా మింగుడుపడలేదు. పాత గుడ్డలు చూసుకునేదానికి చదువెందుకని అడుగుతూనే ఉండేవాడు.

ప్రమోషన్లు, ఫైళ్ళు, బదిలీల గొడవలు ఇక్కడ రాయను. వాటివల్ల నేను నేర్చుకున్నది తక్కువ. ఒక పై అధికారి గురించి, ఒక అంగీ గురించి రాస్తాను.

రంగనాయకులు గారు

నేను చేరినప్పుడు మా విభాగాధికారి రంగనాయకులు గారు. సన్నటి మనిషి. మాట తక్కువ, కోపం ఎక్కువ. కొత్త వస్తువు వస్తే చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందు రోజంతా కూర్చునేవారు. మమ్మల్నీ అలాగే కూర్చోబెట్టేవారు. నాకది శిక్షలా అనిపించేది. ఒకరోజు నా ముఖంలో విసుగు కనిపించినట్టుంది, తన సంగతి చెప్పుకొచ్చారు.

ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక ఇంటివాళ్ళు పాత పెళ్ళిచీర తెచ్చి ఇచ్చారు. కొంగు మీద పెద్ద పసుపు మరక. నేతకు దెబ్బ తగలకుండా ఎంతో నేర్పుగా దాన్ని పూర్తిగా తీసేశారు. పైవాళ్ళు మెచ్చుకున్నారు. కొన్నాళ్ళకు ఆ ఇంటి పెద్దావిడ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చి, అద్దాల బీరువా ముందు నిలబడి, ఆ కొంగును ఈ కొస నుంచి ఆ కొసకు వెతికింది. ఆ మరక ఆవిడ చనిపోయిన కూతురిది. పెళ్ళిపీటల మీద పసుపు చేత్తో కొంగు పట్టుకున్న గుర్తు. ఆవిడ మనవరాలికి చెబుతుంటే ఈయన చెవిన పడిందట. మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయిందట.

అడిగి ఉంటే చెప్పేవాళ్ళు, నేను అడగలేదు అన్నారు రంగనాయకులు గారు. మళ్ళీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. అంత చెప్పిన మనిషి, మేము ఏదైనా సందేహం అడిగితే మాత్రం మండిపడేవారు. మంచి పాఠం చెప్పినంత మాత్రాన మంచి అధికారి కారు. మీకూ అలాంటివాళ్ళు తగులుతారు. పాఠం తీసుకుని మిగతాది వదిలెయ్యండి.

ఆయన కిందే నేను కరెన్ స్త్రీల అంగీల మీద పని నేర్చుకున్నాను. కరెన్లు బర్మా కొండల్లో, ఆ పక్క థాయిలాండ్ సరిహద్దులో ఉండే జనం. వాళ్ళ మగ్గానికి గుంట ఉండదు, చట్రం ఉండదు. పడుగు ఒక కొసను గుంజకు కట్టి, రెండో కొసను పట్టీతో తమ నడుముకే తగిలించుకుని, నేల మీద కాళ్ళు చాపుకుని నేస్తారు. అలా నేసిన రెండు సన్నటి పట్టీలను పక్కపక్కన కుట్టి, తలకూ చేతులకూ సందు వదిలితే అంగీ అవుతుంది. కత్తెర పెట్టరు. నల్లటి నేత, కింది సగంలో ఎర్రటి పనితనం, దాని చుట్టూ బారులు బారులుగా తెల్లటి పూసలు. పెళ్ళయిన ఆడవాళ్ళే దాన్ని తొడుక్కుంటారు. పెళ్ళికాని పిల్లలకు పొడుగాటి తెల్ల గౌను.

ఆ పూసలు గాజువి కావు. ఒక రకం గడ్డికి కాసే గింజలు. ముత్యంలా నున్నగా, రాయిలా గట్టిగా ఉంటాయి. దారం పోయే బెజ్జం కూడా గింజకు పుట్టుకతోనే ఉంటుంది. చూసినవాళ్ళు ముచ్చటపడతారు. నాకు మాత్రం చూడగానే భయం. గాజును పురుగు తినదు. గింజను తింటుంది.

ఐస్‌క్రీం అంగడి

రిటైరయ్యాక ఒక ఎండాకాలం, ఆళ్లగడ్డ నుంచి కరుణ అనే టీచరు మా ఇంటికి వచ్చింది. ఆమె పెద్దమ్మ ఎస్తేరమ్మను ఆళ్లగడ్డలో అందరూ సిస్టరమ్మ అంటారు. వయసులో ఉన్నప్పుడు బర్మా కొండల్లో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసింది. అక్కడి ప్రభుత్వం పరాయి దేశాలవాళ్ళను పంపించేస్తే తిరిగొచ్చి, ఈ చుట్టుపక్కలే వేల కాన్పులు చేసింది. పెళ్ళి చేసుకోలేదు. ఇప్పుడు తొంభైకి దగ్గర పడి, కరుణ ఇంట్లోనే ఉంటోంది. చర్చివాళ్ళు పాతకాలపు నర్సుల జ్ఞాపకాలతో ఒక ప్రదర్శన పెడుతున్నారట. పెద్దమ్మ ట్రంకుపెట్టె అడుగున ఒక వింత అంగీ కనిపిస్తే కరుణ దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి నా దగ్గరికి తెచ్చింది.

"కొంచెం ఉతికి శుభ్రం చేసియ్యక్కా. ఎదాన ఇంత మరక ఉండాది, చూసేదానికి బాగలేదు" అంది.

బల్ల మీద తెల్లటి దుప్పటి పరిచి అంగీని విప్పాను. అది కరెన్ అంగీ అని మొదటి మడతలోనే తెలిసింది. రెండో మడతలో దుప్పటి మీద పిండి రాలింది. గింజల లోపల పురుగు తొలుస్తోంది. కరుణ ఏదో చెబుతూనే ఉంది కానీ నాకు వినిపించలేదు.

పురుగును చంపాలంటే విషం కొట్టే రోజులు పోయాయి. గాలి చొరకుండా కవర్లో మూసి, గట్టిగా గడ్డకట్టే చలిలో రెండు మూడు వారాలు ఉంచాలి. మ్యూజియంలో దానికి పెద్ద పెట్టె ఉండేది. నంద్యాలలో ఎక్కడుంటుంది? బస్టాండు దారిలో ఐస్‌క్రీం అంగడి నడిపే బాషాను అడిగాను. గుడ్డను ఐసులో పెట్టడమేమిటని అతను చాలాసేపు నమ్మలేదు. చివరికి వెనక గదిలోని ఒక డీప్ ఫ్రీజరు ఖాళీ చేసి ఇచ్చాడు.

ఆ రోజులు నేను మరచిపోలేను. బయట నంద్యాల ఎండ. రోజూ ఏదో ఒక వేళ కరెంటు పోతుంది. నడుమ చలి తగ్గితే పురుగు తట్టుకుని బతుకుతుంది. అంతకంటే పెద్ద భయం తడి. కవరు లోపల చెమ్మ పడితే ఎర్ర రంగు దిగి నలుపు మీదా గింజల మీదా పాకుతుంది. మధ్యాహ్నం అన్నం తినీ తినక అంగడికి వెళ్ళి, ఫ్రీజరు మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేదాన్ని. కరెంటు పోగానే ఇంట్లోంచి తెచ్చిన దుప్పట్లన్నీ దాని మీద కప్పేదాన్ని. పిల్లలు ఐస్‌క్రీం తింటూ నన్ను వింతగా చూసేవాళ్ళు. ఎవరైనా అడిగితే బాషా, లోపల ఆసుపత్రి మందు ఉందని చెప్పేవాడు. నాకు తోడు తనకూ కంగారు పట్టుకుంది. జనరేటరు ఉన్న స్నేహితుడి అంగడికి మార్చుదామా మేడం అని నాలుగైదుసార్లు అడిగాడు. కదిపితే గింజలు రాలతాయని వద్దన్నాను.

తీశాక, మామూలు వేడికి వచ్చేదాకా ఆగి, కవరు విప్పాను. తడి లేదు. పురుగు చచ్చింది. కాని చాలా గింజలు లోపల డొల్ల. భుజాల దగ్గర పడుగు దారాలు పలచబడి కాంతి అవతలికి కనిపిస్తోంది.

ఎదమీది మరక

మరకను భూతద్దం కింద చూశాను. ఒక్క పొర కాదది. ఒకదాని మీద ఒకటి పడి ఎండినవి. పసుపుపచ్చగా, బిరుసుగా ఉన్నాయి. పాలేమో అనిపించింది. అనిపించడం వేరు, తెలియడం వేరు. ఉతకడం ఎంతసేపు? ప్రదర్శన దగ్గర పడుతోందని కరుణ రోజూ ఫోన్ చేస్తోంది. అయినా నీళ్ళు తగలనివ్వకుండా అంగీని వెడల్పాటి అట్టపెట్టెలో పరిచి, ఒళ్ళో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా నా ప్రాణం పైకి పోయింది.

సిస్టరమ్మ మంచం మీద కూర్చుని ఉంది. చిన్న ఆకారం. పెట్టె చూడగానే వంటింటి వైపు చూసి, కరుణ అక్కడే ఉందని రూఢి చేసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఉతికినావా?"

"లేదు సిస్టరమ్మా. మిమ్మల్ని అడగకుండా ఎట్లా ఉతుకుతాను?"

ఆమె పెట్టె మీద చెయ్యి వేసింది.

"అది నాది కాదు పాపా" అంది.

ఆమె చెప్పింది ఇది. ఆ కొండ ఆసుపత్రిలో ఒక కరెన్ యువతి ఆడపిల్లను కని, కొద్దిరోజులు పాలిచ్చి, జ్వరంతో చనిపోయింది. బిడ్డ ఎవరెత్తుకున్నా ఏడుపు ఆపలేదు. సీసా నోట్లో పెడితే ఉమ్మేసింది. రోజురోజుకూ నీరసపడిపోయింది.

"ఆడుండే ముసిలోళ్ళు తల్లి అంగీని నన్ను యేసుకోమన్యారు. నాకు పెండ్లి కాలేదు, యేసుకోకూడదని తెలుసు. వాళ్ళే యేసుకోమన్యారు. యేసుకొని ఎత్తుకుంటే సీసాకు నోరు తెరిచింది. ఆ మరకల్లో తల్లి పాలు ఉండాయి, బిడ్డ కక్కినవీ ఉండాయి. ఏవి ఎవురివో నాకే తెలీదు."

వానాకాలమంతా ఆ అంగీతోనే బిడ్డను పెంచింది. తర్వాత బిడ్డ తండ్రికి తల్లి వేరే కొండ నుంచి వచ్చి, బిడ్డను తీసుకుని, కోడలి అంగీ కూడా ఇవ్వమంది.

"ఉతికేదానికి ఏసినా, ఎండినాక పంపిస్తా అని చెప్పినా. అబద్ధం. నా పెట్టెలోనే ఉన్నింది. బిడ్డనైతే ఇచ్చినా గాని, అంగీ ఇయ్యలేకపోయినా. మళ్ళా బేగానే మమ్మల్ని దేశం నుంచి పంపించేసినారు."

ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఎందుకు చెబుతున్నారని అడిగాను.

"భయమైతాంది. నేను పోతే కరుణ దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి నా పేరు రాస్తాది."

ఉద్యోగంలో ఎంతోమంది వస్తువులు ఇవ్వడానికి వచ్చారు. ఇది నాది కాదని చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. కరుణకు చెప్పడానికి సిస్టరమ్మ ఒప్పుకున్నాక, ఆమెను పిలిచి నేనే చెప్పాను. కరుణ ముఖం వాడిపోయింది. అప్పటికే ఆ అంగీ గురించి చర్చిలో చెప్పేసింది. అక్కడి జనం ప్రేమతో ఇచ్చిన కానుక అని కార్డు కూడా రాయించింది.

"మా పెద్దమ్మ ఒకరి వస్తువు దాచిపెట్టుకుందని నేను నోటితో ఎట్ల చెప్పేదక్కా?" అంది.

ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, అంగీని ప్రదర్శనలో పెట్టకపోతే చాలు అన్నాను. ఆమె అంతటితో ఆగలేదు. చర్చివాళ్ళ ద్వారా కనుక్కుని, బెంగళూరులో చదువుకుంటున్న నో మూ అనే కరెన్ అమ్మాయిని ఫోన్లో పట్టుకుంది. సిస్టరమ్మకు ఆ బిడ్డ తల్లి పేరు గుర్తుంది. ఆసుపత్రి పక్కనుండే వాగు పేరు గుర్తుంది. బిడ్డ పేరు తెలియదు. పేరు పెట్టకముందే తీసుకుపోయారు.

అటువైపు నుంచి మాట

ఆ ఎదురుచూపు నాకు ఫ్రీజరు రోజులకంటే కష్టమైంది. అక్కడ యుద్ధం. ఆ వాగు పక్క ఊరు ఎప్పుడో కాలిపోయిందని, జనం చెదిరిపోయి కొందరు సరిహద్దు అవతలి శిబిరాల్లో ఉన్నారని నో మూ చెప్పింది. సిస్టరమ్మ అన్నం తగ్గించేసింది. దొరకకపోతే ఏమిటన్నది ఒక భయం, దొరికితే ఆ పిల్ల ఏమంటుందోనన్నది ఇంకో భయం. నేను ఆ రోజుల్లో అంగీ భుజాలకు లోపలి నుంచి పలచటి గుడ్డ వేసి, సన్నటి పట్టుదారంతో కుడుతూ గడిపాను. కుట్టు పనిలో ఒక సుఖముంది. సూది గుచ్చేంతసేపు ఇంకేదీ ఆలోచించలేం.

చివరికి ఒక శిబిరంలో, అవ్వ పెంచిన ఒకామె ఉందని కబురొచ్చింది. అరవై దాటిన మనిషి. తల్లి పేరు అదే. కాని ఆ పేరు అక్కడ చాలామందికి ఉంటుందట. మ్యూజియం పని చేసినదాన్ని కదా, నాకు రుజువు కావాలి. ఇంకేమైనా చెప్పిందా అని నో మూను అడిగాను. ఆ అమ్మాయి మొహమాటపడుతూనే చెప్పింది. కోడలి అంగీని దాచేసిన ఇండియా నర్సును ఆమె అవ్వ చనిపోయేదాకా తిట్టేదట. మగ్గం ముందు కూర్చున్న ప్రతిసారీ తిట్టేదట.

ఈ మాట పెద్దమ్మకు చెప్పనని కరుణ పట్టుబట్టింది. సిస్టరమ్మ మా ముఖాలు చూసి ఏదో ఉందని కనిపెట్టి, చెప్పేదాకా వదల్లేదు.

"తిట్టేదా" అంది. మళ్ళీ తనే, "అయితే ఆ బిడ్డే" అంది. ఆ పూట అన్నం తింది.

వీడియో కాల్ కుదిరేముందు అటునుంచి ఒక కోరిక వచ్చింది. సిస్టరమ్మ అంగీని తొడుక్కుని చూపించాలని. నేను ఒప్పుకోలేకపోయాను. చేవ పోయిన పాత బట్టను మనిషి ఒంటి మీద వెయ్యకూడదన్నది ఈ పనిలో మొదటి మాట. స్టాండు మీద వేసి చూపిస్తానని చెప్పించాను. ఆమె మళ్ళీ అదే అడిగింది. రెండు రోజులు నాలో నేను కొట్టుమిట్టాడి ఒక దగ్గర ఆగాను. ఆ అంగీ మ్యూజియానిది కాదు, సిస్టరమ్మది కాదు, నాది అసలే కాదు. ఎవరిదో ఆమే అడుగుతోంది. వద్దనడానికి నేనెవరిని? తట్టుకునేలా చెయ్యడమే నా పని. భుజాల దగ్గర ఇంకో వరస కుట్టాను.

కాల్ పొద్దున వచ్చింది. కరుణ ఫోన్ పట్టుకుంది. నేను సిస్టరమ్మ తల మీదుగా అంగీని దించి, రెండు చేతులూ లోపలికి పెట్టి కుట్లను ఎత్తి పట్టుకున్నాను. గింజలు ఒకటొకటిగా గచ్చు మీద రాలాయి. ఆ చప్పుడు నాకు ఒక్కదానికే వినిపించిందనుకుంటాను. తెర మీద ఒక పెద్దావిడ, వెనక వెదురు గోడ. ఆమె అంగీని పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత నిలబడమంది. సిస్టరమ్మ నా భుజం పట్టుకుని లేచింది.

ఆమె ఏదో అడిగింది. నో మూ ఇంగ్లీషులో చెబితే కరుణ తెలుగులోకి తిప్పింది.

"వాళ్ళమ్మ ఇంతే ఎత్తుండేదా అని అడుగుతాంది పెద్దమ్మా."

తల్లి ఫోటో ఒక్కటి కూడా లేదట. ఎవరూ ఎప్పుడూ ఆమె ఎలా ఉండేదో చెప్పలేదట.

"నా అంతే ఉన్నింది. ఇద్దరం సమానమే. అందుకే నాకు సరిపోయింది" అంది సిస్టరమ్మ. తర్వాత చేతులు జోడించింది.

క్షమించానని ఆ పెద్దావిడ అనలేదు. పంపించమంది. అంతలో సిగ్నల్ పోయింది.

పంపించాక

నో మూ సెలవులకు శిబిరానికి వెళుతూ నంద్యాల వచ్చి అంగీని తీసుకుంది. మరక ఉతకలేదు. రాలిన గింజల్ని చిన్న సంచిలో వేసి లోపల పెట్టాను. స్టేషన్లో ఆ పిల్లకు నేను చెప్పిన జాగ్రత్తలకు అంతులేదు. ఎండలో పెట్టొద్దు, తడవనివ్వొద్దు, మడత పెట్టొద్దు, చుట్టి తీసుకెళ్ళు. రైలు కదిలేదాకా కరుణ నా మోచెయ్యి లాగుతూనే ఉంది. వెదురు గుడిసె, వానలు, చెదలు, పొగ. ఏ మ్యూజియం అధికారీ ఒప్పుకునే చోటు కాదు అది. మా పాత ఆఫీసు మిత్రుడొకరు, మ్యూజియానికి ఇప్పించి ఉంటే వందేళ్ళు ఉండేదని ఫోన్లో చీవాట్లు పెట్టాడు. ఆయన చెప్పింది నిజమే. ఈ పనిలో మీకు ఇలాంటి రోజు వస్తే, ఎవరి కోసం వందేళ్ళు అన్నది కూడా అడగండి. జవాబు ప్రతిసారీ ఒకటే ఉండదు.

తర్వాత నో మూ ఫోన్ కలవలేదు. సరిహద్దులో మళ్ళీ కాల్పులని వార్తల్లో విన్నాను. సిస్టరమ్మ రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, చేరిందా అని అడిగేది. తెలీదని చెప్పేదాన్ని. వెంటనే పెట్టేసేది.

వానలు వెనకపట్టాక ఒకరోజు నా ఫోన్లోకి ఒక ఫోటో వచ్చింది. శిబిరంలో చర్చి ముందు నిలబడిన ఆ పెద్దావిడ. అంగీ తొడుక్కుని ఉంది. ఆమె తల్లికంటే పొడగరి. అంగీ నడుం దగ్గరే ఆగిపోయింది. నేల తడిగా ఉంది. ఎదురుగా ఒక బారులో సగం గింజలు లేవు.

నేను ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి ముందు భుజాలు చూశాను. కుడివైపు కుట్లు పట్టి ఉన్నాయి. ఎడమవైపు కూడా. అప్పుడు గానీ ఆమె ముఖం చూడాలని నాకు తోచలేదు. చూసి, సిస్టరమ్మకు ఫోన్ చేశాను.